రేడియేటర్ ఉస్తాద్

నిజామాబాద్‌లో మంచి మెకానిక్ ఎవరో తెలియాలంటే ఇంజను విప్పేదాకా ఆగక్కర్లేదు. వేడెక్కి ఆగిన బండి ముందు, రేడియేటర్ మూత జోలికి పోకుండా ఎంతసేపు ఓపిక పట్టగలడో చూస్తే చాలు. బోధన్ రోడ్డు వైపు నేను దగ్గరగా చూసిన ఒక ఉస్తాద్‌ను ఆ విషయంలో ఎవరూ తొందరపెట్టలేరు. పై హోస్ పైపును ముందు చేతి వెనక వైపుతో తాకుతాడు, తర్వాత గుడ్డతో పట్టి నొక్కుతాడు. పైపు బిర్రుగా ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. అది పూర్తిగా చల్లబడి మెత్తబడ్డాకే మూత మీద గోనెగుడ్డ వేసి, సగం తిప్పి ఆపి, మిగిలిన ఒత్తిడి ఏమైనా ఉంటే పోనిచ్చి తీస్తాడు.

తీసిన మూతను పక్కన పడేయడు. అడుగున ఉన్న రబ్బరు వాషరు పగిలిందా, స్ప్రింగు బిగువు తగ్గిందా చూస్తాడు, మధ్యలోని చిన్న వాల్వును గోటితో లాగి వదులుతాడు. మూత మీద 0.9 అనో 1.1 అనో ఒక అంకె ఉంటుంది. ఎంత ఒత్తిడి దాకా అది పట్టి ఉంచుతుందో చెప్పే అంకె అది. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ బయట సుమారు 107 డిగ్రీలకు మరుగుతుంది. మంచి మూత బిగించి ఉంటే 125 దాటినా మరగదు. ఆ రబ్బరు పాడైతే కొత్త రేడియేటర్ పెట్టినా బండి పొంగుతుంది. ఇంజను పనుల్లో ఇంత చవకైన, ఇంత నిర్లక్ష్యానికి గురయ్యే వస్తువు మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇక్కడ ఈ పనికి గిరాకీ తగ్గదు. మంజీరా నది మీద 1923–31 మధ్య నిజాంసాగర్ ఆనకట్ట కట్టారు. ఆ కాలువల కింద చెరకు పెరిగింది, 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. 2015 డిసెంబరులో అది మూతపడినా, నిజాంసాగర్ వైపు చెరకు ట్రాక్టర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆ లోడు వెనక ఏసీ వేసుకుని నెమ్మదిగా పోయే కారుకు ఎదురుగాలి తక్కువ, వేడి ఎక్కువ. చెరకు చెత్త, దుమ్ము రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుంటాయి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊరు. ఉస్తాద్ ఆ రెక్కలను ఇంజను వైపు నుంచి బయటికి, సన్నని ధారతో కడుగుతాడు. సర్వీసింగ్ పంపు దగ్గరగా పట్టి కొడితే పలుచని అల్యూమినియం రెక్కలు వంగి దారి మూసుకుపోతుంది. వంగినవాటిని దువ్వెనలాంటి పనిముట్టుతో ఒక్కొక్కటిగా నిలబెట్టడం కూడా అక్కడ చూశాను.

పాత ఇత్తడి రేడియేటర్ వస్తే అతని చెయ్యి చూడాల్సిందే. మంటతో టంకం కరిగించి పై ట్యాంకు ఊడదీసి, ప్రతి గొట్టంలోకి పలుచని ఇనుప పట్టీ దూర్చి కిందికి నడిపిస్తాడు. టీ కాచే గిన్నె అడుగున పేరుకున్నట్టు తెల్లని సున్నపు పొర పెచ్చులుగా రాలుతుంది. అది బోరు నీళ్ళ ఫలితం. మళ్ళీ టంకం పెట్టాక రంధ్రాలు మూసి, గాలి ఎక్కించి, నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తాడు. కొత్త బండ్ల ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే మాత్రం అతుకు వేయడు, మార్చమంటాడు. 1900లో ఇంజనీరు మేబాక్ మెర్సిడెస్ కారు కోసం 8,070 చిన్న గొట్టాలతో చేసిన తేనెపట్టు రేడియేటర్ నుంచి నేటిదాకా సూత్రం ఒక్కటే: వేడి నీటిని వీలైనంత ఎక్కువ లోహానికి, ఆ లోహాన్ని వీలైనంత ఎక్కువ గాలికి తాకించడం.

"ఉస్తాద్, బోరు నీళ్ళు పోస్తే నడువదా?" అని ఒక రైతు అడిగాడు.

"నడుస్తది పటేలా. పైపులల్ల సున్నం పడ్డంక ఆగుతది."

లీకుకు పసుపు వేసే అలవాటునూ అతను ఒప్పుకోడు. పసుపు రంధ్రానికే కాదు, గొట్టాలకూ అడ్డుపడుతుంది.

ఇక కూలెంట్ ఎప్పుడు మార్చాలన్నది. ఆకుపచ్చ, గులాబి, నీలం అన్నవి కంపెనీ కలిపిన రంగులు మాత్రమే. రంగు చూసి రకం తేల్చకూడదు, రకాలు కలపకూడదు. పాత తరహా కూలెంట్‌కు సాధారణంగా రెండేళ్ళు, సేంద్రియ ఆమ్లాలతో చేసినదానికి ఐదేళ్ళ దాకా గడువు. మీ బండికి ఎంతన్నది కంపెనీ పుస్తకంలో ఉంటుంది. కిలోమీటర్లు, ఏళ్ళు, ఏది ముందు నిండితే అదే లెక్క. పెళ్ళిళ్ళకు తప్ప బయటికి తీయని కార్లే ఈ లెక్కలో ఎక్కువగా మోసపోతాయి. తిరగకపోయినా తుప్పును ఆపే రసాయనాలు కొద్దికొద్దిగా ఖర్చవుతూనే ఉంటాయి. గ్లైకాల్ అలాగే ఉన్నా ఆ రక్షణ పోతుంది.

ఆ రక్షణ మిగిలిందో లేదో చూడడానికి ఉస్తాద్ ఇంజను చల్లగా ఉన్నప్పుడు వోల్టు మీటరు నల్ల తీగ బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి, ఎర్ర తీగ కొనను లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచుతాడు. 0.4 వోల్టు దాటితే మార్చమంటాడు. ఇది ముతక పరీక్షే, కానీ కంటిచూపు కంటే నయం. తుప్పు రంగు తేలితే గడువు చూడడు. బోరు నీళ్ళు కలిశాయని తెలిసినా అంతే. నూనె తేలితే కూలెంట్ మార్చడు, ముందు హెడ్ గాస్కెట్ చూడాలంటాడు.

తీసిన కూలెంట్‌ను మోరీలో పోయడు. రుచికి తియ్యగా ఉండే విషం అది, కుక్కలూ పశువులూ తాగుతాయి. దాన్ని మూత ఉన్న డబ్బాలో పోస్తాడు. కొత్తది గాఢంగా ఉంటే డిస్టిల్డ్ వాటర్‌తోనే కలుపుతాడు. ముందే కలిపి అమ్మేదానిలో చుక్క నీరు చేర్చడు. మన ఊళ్ళో గడ్డకట్టే చలి లేదు గనక గ్లైకాల్ సగానికి మించి అక్కర్లేదు. మించితే వేడి మోసే శక్తి తగ్గుతుంది.

అసలు పనితనం గాలి తీయడంలో కనిపిస్తుంది. బండి ముందు వైపు కొంచెం ఎత్తి పెట్టి, హీటరు పూర్తిగా తిప్పి, మూత తీసి ఇంజను నడుపుతాడు. 82–88 డిగ్రీల దగ్గర థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారి దిగుతుంది. హోస్‌ను నొక్కి వదులుతూ, బుడగలు ఆగేదాకా పోస్తూనే ఉంటాడు. ఫ్యాను తిరిగి ఆగాక మూత బిగిస్తాడు. తేదీ, కిలోమీటర్లు రిజర్వాయరు డబ్బా మీద మార్కరుతో రాస్తాడు. అయినా డబ్బు మొత్తం తీసుకోడు. మర్నాడు పొద్దున ఇంజను ఆన్ చేయకముందే రమ్మని, మట్టం రెండు గీతల మధ్య నిలిచిందా చూసి, మిగతాది అప్పుడు తీసుకుంటాడు.