ముక్కకు ముక్క, ఓడ

ప్లాస్టిక్ నమూనా ఓడలు కట్టేవాళ్ల చేతులు చూడటం నాకెంతో ఇష్టం. ముక్కను, అది అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము నుంచి విరవరు. చిన్న కటింగ్ ప్లయర్‌తో కాస్త ఎడంగా ఒకసారి, అంచుకు దగ్గరగా మరోసారి కత్తిరిస్తారు. మిగిలిన బొడిపెను ఉప్పుకాగితంతో రుద్దుతారు. ముక్కలను ముందు ఉత్తగానే కలిపి చూసి, ఆ తర్వాతే పల్చటి జిగురును కుంచెతో అతుకు మీద తాకిస్తారు. అది సందులోకి తనంతట తానే పాకి, ప్లాస్టిక్‌నే కరిగించి రెంటినీ ఒకటి చేస్తుంది. ఎంత ముచ్చటైన పని! 1/700 కొలతలో 263 మీటర్ల జపాన్ యుద్ధనౌక యమాటో 38 సెంటీమీటర్లలోపే ఇమిడిపోతుంది. అగ్గిపుల్ల తలంతేసి తుపాకులను పట్టకారుతో నిలబెడుతుంటే ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. కొత్తవాళ్లు నీటిమట్టానికి పైభాగమే ఉండే, ముక్కలు తక్కువున్న చిన్న డిస్ట్రాయర్‌తో మొదలుపెట్టండి. కిటికీ తెరిచే ఉంచండి, జిగురు ఘాటుగా ఉంటుంది.