స్కైలాబ్ భయం – మన కథకుల బాధ్యత

గడిచిన దశాబ్దాల్లో జనం నమ్మిన అపోహలను మన రచయితలు కథావస్తువుగా స్వీకరించడం మంచిదే. అయితే ఆ అపోహలను చూపించి నవ్వించడమే హేతువాద రచన అనే అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. ఈ అభిప్రాయం సరికాదనీ, అభ్యుదయ సాహిత్యానికి ఇది చేటు చేస్తుందనీ నా వాదన. 1979 నాటి స్కైలాబ్ భయాన్ని ఉదాహరణగా తీసుకుంటాను.

ఈ ఉదంతం మీద చెప్పుకునే కథలన్నీ ఒకే మూసలో ఉంటాయి. ఆకాశం నుంచి ఏదో ఊడి పడుతుందని ఊళ్లో పుకారు లేస్తుంది. ఎలాగూ చస్తాం కదా అని జనం మేకల్నీ కోళ్లనీ కోసుకు తింటారు, ఉన్నది అమ్ముకుని తాగుతారు. తెల్లవారుతుంది. ఆకాశం ఉన్నచోటే ఉంటుంది, అప్పులవాడు మాత్రం గుమ్మంలో ఉంటాడు. పాఠకుడు నవ్వుకుంటాడు. ఆ అజ్ఞానం తనకు లేదని తృప్తి పడతాడు. ఈ తృప్తి తప్ప ఆ కథల వల్ల ఒనగూడే ప్రయోజనం నాకు కనపడదు.

వాస్తవాలు చూద్దాం. స్కైలాబ్ పుట్టించిన పుకారు కాదు. అది 1973 మే 14న అమెరికా ప్రయోగించిన అంతరిక్ష కేంద్రం. బరువు సుమారు 77 టన్నులు. 1974 ఫిబ్రవరిలో చివరి వ్యోమగాములు వచ్చేశాక ఖాళీగా తిరుగుతూ ఉండిపోయింది. సూర్యుడిలో అలజడి అంచనాలకు మించడంతో భూమి పై వాతావరణం వేడెక్కి వ్యాకోచించింది. ఆ రాపిడికి కేంద్రం కిందికి దిగడం మొదలైంది. దాన్ని పైకి నెట్టాలనుకున్న స్పేస్ షటిల్ సమయానికి తయారు కాలేదు. ఎవరో ఒక మనిషికి శకలం తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసాయే లెక్కగట్టింది.

ఈ లెక్కకు రెండో సగం ఉంది. అప్పటికి భూమి మీద 400 కోట్ల పైచిలుకు జనాభా. ఆ అవకాశాన్ని అంతమందికీ పంచితే, ఫలానా ఒక్క మనిషికి తగిలే అవకాశం 60,000 కోట్లలో ఒకటి. మొదటి సగం భయమై ఊరూరా తిరిగింది. రెండో సగాన్ని పల్లె మనిషికి అర్థమయ్యే తెలుగులో చెప్పడం తమ బాధ్యత అనుకున్నవారు తక్కువ. జూలై 11న శకలాలు హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. ఎవరికీ గాయాలు కాలేదు.

ఇంకో సంగతి కూడా మరువరాదు. అంతకు ఇరవై నెలల ముందు, 1977 నవంబర్ 19న, దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలాదిమంది ఒక్క రాత్రిలో కొట్టుకుపోయారు. ముప్పు ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టగలదని ఈ రాష్ట్రం అప్పుడే చూసి ఉంది. అటువంటి జనం ఒక హెచ్చరికను నమ్మితే దాన్ని మూఢత్వం అనగలమా?

1962 ఫిబ్రవరి నాటి అష్టగ్రహ కూటమి భయాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టడం మన విమర్శలో కనిపించే మరో లోపం. ఆ భయానికి ఆధారం పంచాంగం. ఎనిమిదో గ్రహంగా లెక్కపెట్టిన కేతువు అసలు గ్రహమే కాదు. చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే బిందువు. ఆ భయం యజ్ఞాలు చేయించింది, దక్షిణలు రాల్చింది. స్కైలాబ్ భయం అటువంటిది కాదు. అది సగం చేరిన సైన్సు.

1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం సంగతీ అంతే. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్–రంగాపూర్ వేధశాల నుంచి శాస్త్రజ్ఞులు దాన్ని పరిశీలిస్తుంటే, పట్టణాల్లో వీధులు నిర్మానుష్యమయ్యాయి. ‘వట్టి కళ్లతో సూర్యుణ్ణి చూడకండి’ అన్నది సరైన సలహా. చాలా ఇళ్లలో అది ‘గుమ్మం దాటకండి’గా మారిపోయింది. ఎలా చూడవచ్చో చెప్పకుండా చూడవద్దని మాత్రమే చెబితే, పాత భయానికి కొత్త సాక్ష్యం దొరికినట్టే.

2021లో వచ్చిన విశ్వక్ ఖండేరావు చిత్రం ‘స్కైలాబ్’ ఈ మూసను కొంత దాటింది. బండలింగంపల్లి జనం భయాన్ని అది వెకిలి చేయలేదు. అందుకు అభినందించాలి. కానీ కథ బరువంతా డాక్టర్ ఆనంద్ మీదా, పాత్రికేయురాలు గౌరి మీదా పడింది. ఊరి భయం వాళ్ల మార్పుకు సందర్భంగా మిగిలింది. ఆ భయం ఏ దారిన ఊళ్లోకి వచ్చిందన్న ప్రశ్న అక్కడా వెనకబడింది.

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెప్పడానికి మరొక రకం భయాన్ని చూడాలి. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’తో క్షుద్ర నవల ఊపందుకుంది. సైన్సునూ మంత్రాన్నీ పక్కపక్కన నిలబెట్టి, పాఠకుణ్ణి ఊగిసలాటలో ఉంచడం ఆ నవల పద్ధతి. అది సగం చేరిన సమాచారం కాదు, వారం వారం అమ్ముడుపోయిన సరుకు. అటువైపు తెలంగాణ పల్లెల్లో చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల పళ్లు ఊడగొట్టారు, ప్రాణాలు తీశారు. నవల చదివి చంపారని నేననను. ఆ నమ్మకం నవల కంటే పాతది. కాని చదువుకున్నవాడి బల్లమీద దానికొక గౌరవస్థానం కల్పించింది మాత్రం ఆ సాహిత్యమే.

పంచాంగం పెట్టిన భయం, సగం వార్త పెట్టిన భయం, మార్కెట్ పెట్టిన భయం మూడూ ఒకటి కావు. మూడింటికీ ‘మూఢనమ్మకం’ అని ఒకే చీటీ అంటించే కథకుడు భయపడ్డవాణ్ణే దోషిగా నిలబెడతాడు. భయాన్ని తయారు చేసినవాడు, అమ్ముకున్నవాడు, సగం చెప్పి ఊరుకున్నవాడు ఆ కథలోకి రానే రారు. కొడవటిగంటి కుటుంబరావు కథలు రాసిన చేత్తోనే సైన్సు వ్యాసాలూ రాశారు. ఆ రెండు పనులూ ఒకటేనని గుర్తించడం మనకు అవసరం.

ఈ వస్తువు మీద కథ రాయబోయే మిత్రులకు నాదొక్కటే మనవి. 1979 జూలైలో మేకను కోసుకున్న రైతును మళ్లీ రాయండి. అయితే ఆ వార్త అతనికి ఎవరి నోట, ఏ మాటల్లో చేరిందో, అతను అడిగిన ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పలేదో కూడా రాయండి. ఆ తర్వాత నవ్వు మిగిలితే నవ్వుదాం.