సగము చెప్పిన సమాధానము

రాత్రి చెట్టుక్రింద ఎందుకు పడుకొనరాదని పిల్లలడిగితే, “చెట్లు పగలు ప్రాణవాయువును, రాత్రి బొగ్గుపులుసు వాయువును విడుచును” అని తరగతిలో సమాధానము వస్తుంది. ఇది సగమే నిజము. దీనిని వల్లించిన విద్యార్థి మొక్కకు పగలు శ్వాసక్రియయే లేదనుకొంటాడు. మొక్క రేయింబవళ్లు శ్వాసించుచునే ఉంటుంది; ఎండలో కిరణజన్య సంయోగక్రియ దానిని మించుటచేత ఆ సంగతి మరుగుపడుతుంది.

ఆకులు వెలుతురులోనే ప్రాణవాయువును విడుచునని ఇంగెన్‌హౌజ్ 1779లో నిరూపించాడు. కాని రాత్రి అవి గాలిని చెరచునని తన గ్రంథము పేరులోనే చేర్చి, ఈ భయమునకు తానే ఊతమిచ్చాడు. నిజమునకు గదిలో నిద్రించు మనిషి విడిచే బొగ్గుపులుసు వాయువు, కుండీలోని మొక్క విడిచేదానికన్న ఎంతో ఎక్కువ! ఆరుబయటనైతే అది గాలిలో కలిసిపోతుంది. చెట్టుక్రింద జంకవలసినది పురుగుపుట్రకు, ఎండుకొమ్మకు.

రావిచెట్టు రాత్రియు ప్రాణవాయువు నిచ్చుననుట మరియొక పొరపాటు. చీకటిలో ఏ ఆకును దానిని విడువజాలదు.