‘జోర్జ్’: పగ ఎవరిది? నష్టం ఎవరిది?

మన మారిషస్‌నే కథాస్థలంగా తీసుకుని అలెగ్జాండర్ డ్యూమా 1843లో వెలువరించిన ఫ్రెంచి నవల ‘జోర్జ్’. 1810లో తెల్లదొర కొడుకు ఆన్రీ, బాలుడైన జోర్జ్ నుదుటిపై కత్తితో కొట్టాడు. నల్లవారి రక్తం కలిసిన తండ్రి, ఎంత ఆస్తి ఉన్నా నోరెత్తలేదు. పద్నాలుగేళ్ళకు తిరిగి వచ్చిన జోర్జ్, అదే ఆన్రీకి నిశ్చయమైన సారాను ప్రేమించాడు. ప్రేమా పగా ఇలా ఒకే ముడిలో పడినందువల్ల కథ ఎక్కడా సడలదు. సొరచేప ఘట్టం, ఓడల పోరు కన్నార్పనివ్వవు.

అయితే ఒక లోపం చెప్పక తప్పదు. సారా పెద్దలు కాదన్నాకనే జోర్జ్ బానిసల తిరుగుబాటుకు నాయకుడవుతాడు. వీధుల్లో పెట్టిన మద్యం పీపాలు చూసి ఆ బానిసలు పోరాటమే మరచిపోయారట! ప్రాణాలకు తెగించినవారిని ఇలా చులకన చేయడం న్యాయమా? పైగా రచయిత నాయనమ్మ కూడా బానిసే. జోర్జ్‌ను కాపాడిన అన్న జాక్ బానిసల వర్తకుడు. అతనికి శిక్షే లేదు.

చివరకు ప్రేమికులు ఓడెక్కి తప్పించుకున్నారు. బానిసలు మాత్రం సంకెళ్ళలోనే మిగిలారు. 1835లో బానిసత్వం రద్దయింది. వారు చెమటోడ్చిన ఆ చెరకు తోటలలోకే మన పెద్దలు ఒప్పందపు కూలీలుగా వచ్చారు. అందుచేత ఈ నవలను జోర్జ్ కళ్ళతోనే గాక, పేరైనా లేని ఆ బానిసల కళ్ళతో కూడా మన పిల్లలచేత చదివించాలి.