టోపీ మీద లొల్లి, అడవి మీద మౌనం

2020 అక్టోబర్‌లో 'ఆర్ఆర్ఆర్' టీజర్‌లో కొమురం భీం నెత్తిమీద టోపీ కనిపించగానే పెద్ద లొల్లి అయింది. గోండు వీరుడికి తురక టోపీ ఏమిటని అడిగారు. 1940లో జోడేఘాట్‌లో ఆయన దేనికోసం ప్రాణమిచ్చాడని అడిగినవాళ్లు ఎందరు?

2022లో సినిమా వచ్చింది. అందులో భీం ఢిల్లీలో అఖ్తర్ పేరుతో ఓ ముస్లిం ఇంట్లో తలదాచుకుంటాడు. టోపీ మారువేషమే. నా పేచీ దానితో కాదు. అసలు భీం కొట్లాడింది నిజాం సర్కారుతో, పోడు భూముల్ని రిజర్వు అడవిలో కలిపేసిన జంగ్లాతోళ్లతో. సినిమాలో ఆ చోటికి ఓ తెల్లదొర, ఎత్తుకుపోయిన ఓ పిల్ల వచ్చారు. భూమి తగాదా పగ కథయింది. జల్, జంగల్, జమీన్ జెండా మీద మాటలై మిగిలాయి.

టోపీ వద్దన్నవాళ్లు చేసిన కోత ఇంకొకటి. వాళ్లకు నిజాం అంటే ముస్లిం, ముస్లిం అంటే నిజాం. నిజాం దోపిడీని మేం దాచం. 'మా రాజ్యం' అని మురిసిపోయే మా పెద్దలతోనూ నాకు పేచీయే. ఆ రాజ్యంలో భైంసాలో పత్తి బోరాలు మోసిన సాయిబుకు దక్కిందేమిటి?

జోడేఘాట్ తర్వాత అదే సర్కారు హైమన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. ఆయనకు కనిపించింది మతం గొడవ కాదు. అడవి గీతలు, పట్టాలు రాయించుకున్న వలస రైతులు, అప్పులిచ్చిన షావుకార్లు. దోచినవాళ్లలో మావాళ్లూ ఉన్నారు, మీవాళ్లూ ఉన్నారు.

1938లో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్లునే చూడండి. 1948లో నిజాం పోయాడు. అడవి వెదురు మిల్లుకు పోవడం ఆగిందా? 2014లో మిల్లు మూతపడితే కాగజ్‌నగర్ కార్మికులు రోడ్డున పడ్డారు. ఆ ఆకలికి టోపీ ఉందా, బొట్టు ఉందా? 2018లో మళ్లీ తెరిచారు. అడవిని నమ్ముకున్నవాళ్ల మాట అప్పుడైనా ఎవరు అడిగారు?

మాకు పనికొచ్చే చరిత్ర దగ్గర్లోనే ఉంది. 1860లో నిర్మల్‌లో రాంజీ గోండు పక్కన నిలబడి పోరాడింది రోహిల్లాలు. ఇద్దరికీ ఉరి ఒకే మర్రికి. వెయ్యి ఉరుల మర్రి అంటారు జనం. ఆ రోహిల్లాల మీద ఏ సినిమా వచ్చింది?

2008లో, 2020లో, 2021లో భైంసా తగలబడింది. తెల్లారితే కూలి పోయింది రెండువైపులా. పత్తి మాత్రం జిన్నింగు మిల్లు దాటి ఎప్పటిలాగే పోయింది. భీం కథ చెప్పేవాళ్లు ముందు ఆ పత్తి ఎటు పోతుందో చెప్పాలి. టోపీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.