మంత్రగాడు ఎక్కడివాడు?

తెలుగు థ్రిల్లర్ ఎత్తుగడ మనకు కంఠతా వచ్చు. పట్నంలో చదువుకున్న కుటుంబం, అంతుబట్టని జబ్బు, చేతులెత్తేసిన డాక్టరు, ఎక్కడో అడవిలో ఒక మంత్రగాడు. 1980ల్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఈ మూసను గట్టిపరిచింది. అద్దె పుస్తకంగా తెచ్చుకుని మేమూ చదివాం, భయపడ్డాం.

ఆ నవలలో తెలివైన పని ఒకటుంది. పాప జబ్బుకు వైద్యం చెప్పే కారణమూ, క్షుద్రం చెప్పే కారణమూ పక్కపక్కనే నడుస్తాయి. ఏది నిజమో పాఠకుడే తేల్చుకోవాలి. బాగానే ఉంది. అయితే మంత్రం పారుతుందా లేదా అన్నదే అక్కడ సందేహం. మంత్రం వేసేవాడు ఎక్కడివాడన్న దాంట్లో సందేహమే లేదు. పాపకు రావాల్సిన డబ్బు మీద కన్నేసింది పట్నంవాళ్లు. చంపే పని మాత్రం అడవివాడు కాద్రాది. ఆస్తి తగువు వాళ్లది, భయం పుట్టించే మొహం వీడిది!

పోలవరంలో కూచుని చదివితే ఈ కథ ఇంకోలా ఉంటది. ఇక్కడ అడవి దూరం కాదు. పాపికొండల్లో కోయలు, కొండరెడ్లు ఉన్నారు. 2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించిన డ్యాం కింద ముంపుకు పోతున్నవి వీళ్ల ఊళ్లు కూడా. పట్నం నుంచి అడవికి వచ్చిన ఈ ఆపద మీద ఒక్క థ్రిల్లరూ నేను చదవలేదు.

చేతబడి నెపంతో దళితుణ్నో గిరిజనుణ్నో కొట్టి చంపిన వార్తలు మాత్రం చాలా చదివాను. చంపినవాళ్లు నవలలు చదివారని నేననను. కానీ ఈ మూస కథల్లో మంత్రగాడు చస్తే మనం హమ్మయ్య అనుకుంటాం. వాడికి ఇల్లూ పిల్లలూ ఉన్నారేమో కథ అడగదు, మనమూ అడగం.