ఓషిచి వలపు – సాయికాకు హేళన

ఒసాకా నగరమున వర్తకకుటుంబములో బుట్టిన ఇహరా సాయికాకు (1642–1693) మొదట హైకై కవి. 1684లో సుమియోషి దేవాలయమున ఒక్క అహోరాత్రములో 23,500 పద్యములు ఆశువుగా చెప్పెననియు, వ్రాయసకాండ్రకు వాని నెక్కించు తీరిక లేక గీతలు గీచి లెక్కపెట్టుటయే సరిపోయెననియు చెప్పుదురు. అవధానులను నెత్తిన బెట్టుకొను మనవారికి సైతము కన్నులు తిరుగవలసిన సంఖ్య యిది. ఈ విద్యనే యాతడు వచనమునకు దింపెను. హైకై యను గొలుసుపద్యములలో ప్రతి పద్యమును ముందరి పద్యపు వస్తువును చేపట్టి, ఎవ్వరు నూహింపని వేరొక భావమునకు దానిని మరల్పవలెను. 1686లో వెలువడిన ‘కోషోకు గోనిన్ ఒన్న’ యను ఐదుగురు వలపుకత్తెల కథలలో వాక్యము వెంట వాక్యము అట్లే మలుపు తిరుగును. అందు నాల్గవది ఓషిచి కథ. నా మట్టుకు ఐదింటిలో అదియే మకుటము.

ఎడో పట్టణమున శాకవర్తకుని కూతురగు ఓషిచి, సంవత్సరాంతపు అగ్నిప్రమాదమునకు జడిసి, తల్లితో గూడ కిచిజోజి ఆలయమున తలదాచుకొనును. అచట కప్పుకొన దొరికిన నల్లని వస్త్రము అకాలమరణము నొందిన ఏ కన్నియదో యని తోచి, ఆ పిల్ల విరక్తిచే జపమాల చేత బట్టును. సరిగా అప్పుడే, సందెవెలుగున, వెండి పట్టుకారుతో చూపుడువ్రేలి ముల్లు తీసికొనలేక అవస్థపడు కిచిసబురో యను చిన్నవాడు కంటబడును! తీయబోయిన తల్లి, చూపానక, ఆ పని కూతునకే యొప్పగించును. కూతును కంటికి రెప్పవలె కాచుచున్న తల్లియే ఆ చేతికి ఈ చేతి నందిచ్చెను. ముల్లు వచ్చెను, చిన్నవాడు ఆమె చేయి నొక్కెను, తల్లి చూచుచున్నది గనుక ఓషిచి మరలివచ్చుచు, కావలెననియే పట్టుకారు తనయొద్ద నుంచుకొని, దాని నిచ్చు నెపమున వెనుకకు బోయి, తానును ఆతని చేయి నొక్కెను. పుటలకొలది విరహవర్ణనము చేయువారు ఈ పట్టుకారు ముందర నిలువగలరా?

నిప్పు వారిని కలిపెను. ఇల్లు చేరుట విడదీసెను. మరల నిప్పు లేచినచో మరల కలియవచ్చునని ఆ పదునారేండ్ల బాలిక తర్కించి నిప్పు పెట్టెను. పొగ లేచినంతనే జనులు పట్టుకొనిరి. ఆ నేరమునకు ఆనాటి శిక్ష సజీవదహనము. ఒక్క నిప్పే మూడు మారులు అర్థము మార్చుకొన్నది! సాయికాకు ఆమెను దూషింపడు, ఆమెకై ఏడ్వడు. పెదవి చివర నవ్వుతోనే చెప్పును, ఆ నవ్వువలననే ఆమె తాపము మనకు సోకును.

ఆతని యనంతరము క్యోటోలో హచిమొంజియా ప్రచురణశాలకు వ్రాసిన ఎజిమా కిసెకి ఆతని వాక్యములనే నిస్సంకోచముగా ఎత్తి వ్రాసికొనెను. సొత్తు చేజిక్కెను గాని సొగసు చిక్కలేదు. బొమ్మలాటవా రింకను ఘనులు. 1773 నాటి బున్రాకు నాటకమున ఓషిచి నిప్పు పెట్టుటయే మాని, రాత్రివేళ మూసిన నగరద్వారములను తెరపించుటకై బురుజెక్కి అగ్నిగంట కొట్టును. ఆడించువారు వెనుక దాగగా బొమ్మ తానే నిచ్చెన నెక్కుచున్నట్లు కనబడు ఆ హస్తలాఘవమునకు నేనును జోహారు చేయుదును. కాని నిప్పును తీసివేసిన పిమ్మట ఓషిచి కథలో మిగిలినదేమి? జాలిగొలుపు నాయిక, కంటతడి పెట్టు సభ, ఒక కంచుగంట!

ఈ కథను తెనిగింప బూనువారికి నాదొక మనవి. ఉరుముల రాత్రి ఓషిచి ప్రియుని గదికి బోవుచుండగా, మేలుకొనియున్న ఆలయపు కుఱ్ఱసన్న్యాసి, నోరు మెదపకుండుటకు డబ్బును, పేకముక్కలను, ‘మంజూ’ అను తీపి భక్ష్యములను లంచమడుగును. రసభంగమని జంకి ఆ లంచమును తీసివేయకుడు; ఆ పిల్లవాని బేరము లేనిచో, అటుపిమ్మట తమ వయస్సు పదునారని ఒకరికొకరు చెప్పుకొని, పెద్దసన్న్యాసికి ఇద్దరును భయపడుచు, మాట పెగలక కూర్చున్న ఆ జంట బిడియము సగమైన పండదు.